టీడీఎస్ కోత: ముందే ఆపుకోవాలా, రిటర్నులో రాబట్టుకోవాలా?

టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా పన్ను కోసుకుని ప్రభుత్వానికి కట్టడం. జీతం మీద టీడీఎస్ అయితే ఆఫీసువాళ్లే చూసుకుంటారు. ఫారం 16 చేతికొస్తుంది, అందులోని అంకెలు రిటర్నులో పడతాయి, పని అయిపోతుంది. తంటా అంతా జీతం కాని ఆదాయంతోనే. డిపాజిట్ వడ్డీలో బ్యాంకు కోస్తుంది, సోలార్ కంపెనీ భూమి కౌలులో కోస్తుంది, బీమా కంపెనీ ఏజెంటు కమీషన్‌లో కోస్తుంది, నర్సింగ్ హోమ్ విజిటింగ్ డాక్టరు ఫీజులో కోస్తుంది. ఒక్కొక్కరిది ఒక్కో రేటు, ఒక్కో పరిమితి. ఆ కోసిన డబ్బు మన పాన్ మీద జమ అయిందో లేదో చూసుకునే బాధ్యత మాత్రం మనదే.

మన వైపు దీని గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. ‘కట్ అయిందంటే పోయినట్టే’ అని కొందరు, ‘ఎట్లయినా రిఫండ్ వస్తుందిలే’ అని కొందరు. రెండూ తప్పే. కోసిన పన్ను మీరు ముందుగా కట్టిన పన్ను కిందే లెక్క. కానీ అడగనిదే తిరిగి రాదు, అడగాల్సిన తీరులో అడగకపోతే వచ్చేది కూడా ఆగిపోతుంది.

ఎన్ని దారులున్నా ఏది ఎంచుకోవాలో తేల్చే సూత్రం ఒక్కటే. ఆదాయం ఎవరిదో జమ (అంటే కోసిన పన్ను లెక్క) వారిది, ఆదాయం ఏ ఏడాదిదో జమ ఆ ఏడాదిది. ఆవు వెంట దూడ పోయినట్టు ఆదాయం వెంట జమ పోతుంది. ఆదాయపు పన్ను చట్టం 199వ సెక్షన్, రూల్ 37బీఏ చెప్పేది ఇదే. కింద చెప్పే సలహాలన్నీ దీన్నుంచి వచ్చినవే.

ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయానికి, కొత్త పన్ను విధానానికి సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారిపోయాయి; 15జి, 15హెచ్‌లకు బదులు ఇప్పుడు ఫారం 121 ఇవ్వాలి. 2025-26 ఆదాయానికి మాత్రం 1961 నాటి చట్టమే వర్తిస్తుంది కాబట్టి పాత నంబర్లే వాడుతున్నాను.

ముందే ఆపుకోవడం: 15జి, 15హెచ్

ఏడాది చివర ఎలాగూ పన్ను పడదని తెలిసినప్పుడు కోతనే ఆపించుకోవడం మొదటి దారి. అరవై ఏళ్లలోపు వాళ్లకు ఫారం 15జి, అరవై నిండినవాళ్లకు 15హెచ్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ షరతుల్లో చాలా తేడా ఉంది. అది తెలియకనే చాలామంది ఇవ్వకూడని ఫారం ఇస్తున్నారు, ఇవ్వాల్సినవాళ్లేమో ఇవ్వడం లేదు.

15హెచ్‌కు ఒకటే షరతు: ఏడాది మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా కావాలి. 87ఏ సెక్షన్ కింద పన్నులో ఇచ్చే తగ్గింపు (రిబేటు) పోగా సున్నా అయినా సరే. కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు రూ. 60,000 వరకు రిబేటు ఉంది కాబట్టి పెన్షనర్లలో చాలామంది 15హెచ్ ఇవ్వొచ్చు. 15జికి రెండు షరతులు. పన్ను సున్నా కావాలి, దాంతోపాటు ఆ ఏడాది వచ్చే వడ్డీ, కౌలు లాంటి ఆదాయాల మొత్తం కనీస మినహాయింపు పరిమితిని దాటకూడదు. కొత్త విధానంలో ఆ పరిమితి రూ. 4 లక్షలు.

తేడా ఎంతో ఒక లెక్కలో చూద్దాం. ఓర్వకల్లు, తాడిపత్రి, మైలవరం చుట్టుపక్కల సోలార్ ప్లాంట్లు వచ్చాక భూమి కౌలుకిచ్చి ఏటా అద్దె తీసుకునే కుటుంబాలు తయారయ్యాయి. ఒకాయనకు ఏడాదికి రూ. 6,60,000 కౌలు వస్తుందనుకుందాం. నెలకు 55,000 అయింది. అద్దె మీద టీడీఎస్ పరిమితి ఇప్పుడు నెలకు 50,000, భూమికి రేటు 10 శాతం. అంటే 66,000 కోస్తారు. వేరే ఆదాయం లేకపోతే ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. ఆయనకు 62 ఏళ్లుంటే 15హెచ్ ఇస్తే చాలు, కోతే ఉండదు. అదే భూమి 40 ఏళ్ల కొడుకు పేరు మీద ఉంటే? పన్ను అప్పుడూ సున్నానే, కానీ కౌలు 4 లక్షలు దాటింది కాబట్టి 15జి ఇవ్వడం కుదరదు. ఇస్తే అది తప్పుడు డిక్లరేషన్ కిందకొస్తుంది, శిక్ష పడే నేరం.

(ఇదంతా సేద్యం భూమే కదా, పన్నెందుకు అని అడిగేవాళ్లున్నారు. భూమి మీద పంట పండితేనే అది వ్యవసాయ ఆదాయం. ప్యానెళ్లు పెట్టడానికిచ్చిన భూమి కౌలు పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే. పక్క పొలంలో చీనీ చెట్ల మీదో వేరుశనగ మీదో వచ్చింది వేరే లెక్క. ఆ వ్యవసాయ ఆదాయం రూ. 5,000 దాటితే రిటర్ను ఫారాల్లో తేలికైన ఐటీఆర్-1 వేయకూడదు, ఐటీఆర్-2కి పోవాలి.)

బ్యాంకు వడ్డీకి పరిమితి అరవై లోపువాళ్లకు రూ. 50,000, సీనియర్లకు లక్ష. కడపలో రిటైరైన ఒక టీచరమ్మకు 67 ఏళ్లు, వడ్డీ 1,80,000 అనుకోండి. ఆమె 15హెచ్ ఇవ్వకపోతే లక్ష పైనున్న 80,000 మీద కాదు, మొత్తం 1,80,000 మీద 10 శాతం, అంటే 18,000 కోస్తారు. స్టాండర్డ్ డిడక్షన్ పోను పెన్షన్ 4,65,000 అనుకుంటే మొత్తం ఆదాయం 6,45,000. పన్ను సున్నా. ఏప్రిల్‌లోనే బ్యాంకుకు పోయి ఫారం ఇచ్చేస్తే సరిపోతుంది. ప్రతి బ్యాంకుకు విడిగా, ప్రతి ఏడాది కొత్తగా ఇవ్వాలి. పోయినేడు ఇచ్చాం కదా అంటే కుదరదు. పాన్ ఆధార్‌తో లింక్ అయి పనిచేస్తూ ఉండాలి. లేకపోతే ఫారం చెల్లదు సరికదా, 10 శాతానికి బదులు 20 శాతం కోస్తారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 15హెచ్ ఇచ్చినంత మాత్రాన రిటర్ను వేసే బాధ్యత పోదు. మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి.

ఈ ఫారాలు వడ్డీ, డివిడెండు, అద్దె, బీమా కమీషన్, గడువుకు ముందు తీసే పీఎఫ్ లాంటి కొన్నిటికే పనికొస్తాయి. కాంట్రాక్టు బిల్లులకు, డాక్టరు ఫీజుకు, మామూలు కమీషన్‌కు పనికిరావు. వాటికి ఫారం 13 ఉంది.

ఫారం 13: ఎవరికి పనికొస్తుంది

సెక్షన్ 197 కింద ఆదాయపు పన్ను అధికారికి దరఖాస్తు చేసి, ‘ఇతని దగ్గర తక్కువ రేటున కోయండి’ లేదా ‘అసలు కోయొద్దు’ అని సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఇది. దరఖాస్తు ట్రేసెస్ అనే ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ సైటులో ఆన్‌లైన్‌లోనే. పాత రిటర్నులు, ఈ ఏడాది అంచనా లెక్క చూపించాలి. సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ నుంచే పనిచేస్తుంది, అంతకుముందు కోసింది కోసినట్టే. ఆ ఆర్థిక సంవత్సరంతో దాని గడువూ తీరిపోతుంది.

కర్నూలులో రెండు మూడు ఆసుపత్రులకు పోయివచ్చే డాక్టరును తీసుకోండి. ఫీజు ఏడాదికి 12 లక్షలు, 194జె కింద 10 శాతం, అంటే 1,20,000 కోత. డాక్టర్ల లాంటి వృత్తులవాళ్లకున్న 44ఏడీఏ కింద రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపితే 6 లక్షలు, పన్ను సున్నా. లక్షా ఇరవై వేలు ఏడాదికి పైగా ప్రభుత్వం దగ్గర ఉండిపోతాయి. ఇలాంటివాళ్లకు ఫారం 13 వేయడం దండగ కాదు. పైన చెప్పిన 40 ఏళ్ల కొడుకుకు కూడా 66,000 ఆపుకోవడానికి అదే దారి. పది పదిహేను వేల కోతకు మాత్రం ఈ తిరుగుడు అనవసరమని నా అభిప్రాయం. ఆడిటరు ఫీజు, కాగితాలు, ఎదురుచూపు కలిపి చూస్తే రిటర్నులో రిఫండ్ అడగడమే సుఖం.

లారీలవాళ్ల సంగతి

తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పేవాళ్లకు ఇంకా తేలిక దారి ఉంది, వాడేవాళ్లే తక్కువ. ఏడాదిలో ఎప్పుడూ పదికి మించి గూడ్సు బండ్లు లేని ఓనరు, ఆ మాట రాసి పాన్‌తో పాటు డిక్లరేషన్ ఇస్తే 194సి(6) ప్రకారం బాడుగలో టీడీఎస్ కోయకూడదు. ఫారం 13 అక్కర్లేదు, ఆదాయం ఎంతన్న షరతూ లేదు.

డిక్లరేషన్ ఇవ్వకపోతే 1 శాతం పోతుంది. రెండు లారీలకు కలిపి ఏడాదికి 40 లక్షల బాడుగ వస్తే 40,000 కోత. 44ఏఈ ప్రకారం 12 టన్నులు దాటిన స్థూల బరువున్న బండికి టన్నుకు నెలకు వెయ్యి చొప్పున ఆదాయం లెక్కకడతారు. 28 టన్నుల బండ్లు రెండైతే ఏడాదికి 6,72,000. వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా. డిక్లరేషన్ కాగితం ఒక్కటి ఇచ్చి ఉంటే ఆ నలభై వేలు డీజిలుకు పనికొచ్చేవి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా ‘అవన్నీ మాకు తెలీదు, కట్ చేస్తాం’ అంటే, మీ పాన్‌ను వాళ్లు టీడీఎస్ స్టేట్‌మెంటులో చూపిస్తే చాలు, వాళ్లకు ఇబ్బంది ఏమీ రాదని చెప్పండి.

కోయనిచ్చి రాబట్టుకుంటే నష్టమెంత

కోత పడనిచ్చి రిటర్నులో అడిగితే నష్టం అనుకున్నంత ఉండదు. రిటర్ను గడువులోపు వేస్తే రిఫండ్ మీద అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఏడాది) ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు. అంటే ఏడాదికి 6 శాతం. మీరు పోగొట్టుకునేది కోత పడిన నెల నుంచి ఆ ఏప్రిల్ దాకా వడ్డీ. 2025 మేలో కోసిన 66,000 మీద 2026 మార్చి వరకు మీకు ఏమీ రాదు. గడువు దాటాక వేస్తే వడ్డీ రిటర్ను వేసిన రోజు నుంచే లెక్క. రిఫండ్ మీద వచ్చిన వడ్డీ మళ్లీ ఆదాయమే, వచ్చే ఏడాది రిటర్నులో చూపాలి.

కొందరికైతే కోత పడటమే మేలు. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటి పన్ను పడేవాళ్లకు ఒకచోట కోసింది ఇంకోచోటి పన్నుకు సర్దుబాటవుతుంది. టీడీఎస్ పోను కట్టాల్సింది రూ. 10,000 దాటితే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి, కట్టకపోతే 234బి, 234సి కింద వడ్డీ పడుతుంది. వ్యాపార ఆదాయం లేని సీనియర్లకు ఈ బాధ లేదు. కాబట్టి పన్ను పడే ఆదాయం ఉన్నవాళ్లు కోతను ఆపుకోవాలని ఉబలాటపడటంలో అర్థం లేదు.

ఒక మినహాయింపు. లాటరీ బహుమతుల మీద 30 శాతం కోస్తారు. దాని మీద పన్ను కూడా నేరుగా 30 శాతమే, రిబేటు వర్తించదు. మిగతా ఆదాయం తక్కువ కదా అని అక్కడ రిఫండ్ ఆశించకండి.

ఏడాదిలో మీ పాన్ మీద కోత మొత్తం రూ. 25,000 అయినా దాటినా (అరవై నిండినవాళ్లకు 50,000) ఆదాయం ఎంత తక్కువున్నా రిటర్ను వేయడం తప్పనిసరి. ‘రిఫండ్ వద్దులే, వదిలేస్తా’ అనే అవకాశం వాళ్లకు లేదు.

ఎవరి పేరు మీద అడగాలి

అన్నదమ్ములు నలుగురికీ కలిసి ఉన్న భూమి. అగ్రిమెంటు పెద్దాయన పేరు మీద, కౌలు ఆయన ఖాతాలోకి, కోత ఆయన పాన్ మీద. ఆయన నలుగురికీ పంచి ఇస్తాడు. ఇక్కడే గొడవ మొదలవుతుంది. 6,60,000 రాబడి, 66,000 జమ రెండూ 26ఏఎస్‌లో (పాన్ మీద పడిన కోతలన్నీ చూపే ఆన్‌లైన్ పట్టీ) పెద్దాయన పేరు మీదే కనిపిస్తాయి. ఆయన తన వంతు 1,65,000 మాత్రమే ఆదాయంగా చూపి 66,000 జమ అడిగితే లెక్క పొసగదు. మొత్తం తానే చూపితే ముగ్గురి ఆదాయానికి ఆయన బాధ్యుడవుతాడు.

అన్నిటికంటే మేలైన దారి అగ్రిమెంటు రాసుకునే రోజే ఉంది. నలుగురి పేర్లు, ఎవరి వాటా ఎంతో స్పష్టంగా రాయించి, నాలుగు ఖాతాల్లోకి విడివిడిగా కౌలు వేయించుకోండి. వాటాలు తేలి ఉన్నప్పుడు పరిమితి ఒక్కొక్కరికీ విడిగా చూస్తారు. ఒక్కొక్కరికి నెలకు 13,750 అయితే టీడీఎస్సే లేదు. ఫారాలూ లేవు, రిఫండూ లేదు, అన్నదమ్ముల మధ్య లెక్కల తగవూ లేదు. ఇప్పటికే ఒకరి పేరుతో అగ్రిమెంటు అయిపోయి ఉంటే సప్లిమెంటరీ అగ్రిమెంటు అడగండి.

అది కుదరకపోతే రూల్ 37బీఏ(2) ఉంది. కోత ఎవరి పాన్ మీద పడుతుందో ఆయన, ‘ఈ ఆదాయంలో ఇంత ఫలానావారిది, వారి పాన్ ఇది’ అని కోసేవారికి డిక్లరేషన్ ఇవ్వాలి. వాళ్లు టీడీఎస్ స్టేట్‌మెంటులో ఆ మేరకు తమ్ముళ్ల పేర్లు చూపుతారు. వాళ్లు ఒప్పుకోకపోతే రిటర్నులోని టీడీఎస్ షెడ్యూల్‌లో జమను వేరొకరికి మళ్లించే గళ్లు ఉన్నాయి. పెద్దాయన తన రిటర్నులో ఎవరికి ఎంత ఇస్తున్నాడో పాన్‌తో చూపాలి, తమ్ముళ్లు తమ రిటర్నుల్లో ఆయన పాన్ చూపి అడగాలి. నలుగురూ ఒకే అంకెలు వేయాలి, ఒక్కరు వేయకపోయినా గొలుసు తెగుతుంది. ఇంకొకరి పాన్ మీద కోసిన జమ అడిగేవాళ్లకు ఐటీఆర్-1 పనికిరాదు.

జాయింట్ డిపాజిట్ కూడా ఇంతే. బ్యాంకు మొదటి పేరున్నవారి పాన్ మీదే కోస్తుంది. డబ్బు భర్తది, మొదటి పేరు భార్యది అయితే వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది, జమ మాత్రం భార్య పాన్ మీద ఉంటుంది. ‘ఆమెకు వేరే ఆదాయం లేదు, ఆమె పేరు మీద రిఫండ్ తీసుకుందాం’ అన్న సలహా ఊళ్లో తేలిగ్గా దొరుకుతుంది. వినకండి. డిపాజిట్ రెన్యువల్ అప్పుడు పేర్ల వరుస మార్చుకుంటే చాలు.

ఏ ఏడాదిలో అడగాలి

మార్చిలో బిల్లు పెట్టారు, కంపెనీ మార్చిలోనే ఖర్చు రాసి టీడీఎస్ కట్టేసింది, డబ్బు మీకు మేలో వచ్చింది. చేతికొచ్చినప్పుడే ఆదాయం రాసుకునే పద్ధతి మీదైతే ఆదాయం రెండో ఏడాదిది, 26ఏఎస్‌లో జమ మొదటి ఏడాదిది. మొదటి ఏడాది రిటర్నులో ఆ జమ అడక్కుండా, షెడ్యూల్‌లో ముందుకు తీసుకెళ్లే గడిలో వేసి, రెండో ఏడాది ఆదాయంతో పాటు అడగాలి. జమ మాత్రం అడిగి ఆదాయం చూపకపోతే రిటర్నును లోపభూయిష్టం అంటూ 139(9) నోటీసు వస్తుంది, సరిచేయడానికి 15 రోజులు ఇస్తారు.

ఐదేళ్ల క్యుములేటివ్ డిపాజిట్ల దగ్గర నా సలహా ఖచ్చితంగా ఒకటే: వడ్డీని ఏ ఏడాదిది ఆ ఏడాదే చూపండి. బ్యాంకు ఏటేటా కోస్తుంది, మీరు ఏటేటా చూపితే అన్నీ సరిపోతాయి. ‘డబ్బు చేతికొచ్చాక చూపుతా’ అంటే ఐదేళ్ల జమను ప్రతి రిటర్నులో మోసుకుంటూ పోవాలి. ఒక్క ఏడాది మర్చిపోతే తలనొప్పి. పైగా ఐదేళ్ల వడ్డీ ఒకేసారి మీద పడి 12 లక్షల గీత దాటించే ప్రమాదమూ ఉంది.

తిరగబడ్డ కేసూ ఉంది. ఆదాయం మీరు ముందే చూపి పన్ను కట్టేశారు, అవతలివాళ్లు తర్వాతి ఏడాదిలో కోశారు. దానికి ఫారం 71 ఉంది. కోత పడిన ఆర్థిక సంవత్సరం ముగిసిన రెండేళ్లలోగా వేయాలి.

26ఏఎస్‌లో కనిపించకపోతే

అసలు తిప్పలు ఇక్కడే. బిల్లులో కోశారు, చేతికి తక్కువ వచ్చింది, 26ఏఎస్ తెరిస్తే ఏమీ లేదు. అవతలివాళ్లను తిట్టే ముందు తేదీలు చూడండి. కోసేవాళ్లు మూడు నెలలకోసారి స్టేట్‌మెంటు వేస్తారు. జనవరి నుంచి మార్చి దాకా కోసినదానికి గడువు మే 31. జీతం కాని ఆదాయంలో కోతకు ఇచ్చే సర్టిఫికెట్ ఫారం 16ఏ. దాన్ని ఇవ్వడానికి జూన్ 15 దాకా సమయం. అందుకే ఏప్రిల్‌లోనే రిటర్ను వేసేస్తామని తొందరపడేవాళ్లు చివరి మూడు నెలల జమ పోగొట్టుకుంటారు. జూన్ మూడో వారం నుంచి మొదలుపెడితే సరి. ఐటీఆర్-1, 2 వేసేవాళ్లకు గడువు మామూలుగా జులై 31.

కనిపించినా, పక్కనున్న అక్షరం చూడండి. ఎఫ్ ఉంటే ఖరారైన జమ. యు ఉంటే వాళ్లు స్టేట్‌మెంటులో చూపారు గానీ కట్టిన చలానాతో సరిపోలలేదు. ప్రభుత్వ ఆఫీసుల కోతల్లో పి కనిపించొచ్చు, అంటే ఇంకా తాత్కాలికం.

జూన్ దాటినా రాకపోతే కారణం కనుక్కోండి. పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టి ఉంటే మీ జమ ఇంకెవరి పేరు మీదో ఉంటుంది, లేదా ఎవరి పేరు మీదా ఉండదు. దాన్ని మీరు సరిచేయలేరు, ఆదాయపు పన్ను ఆఫీసువాళ్లూ నేరుగా సరిచేయరు. కోసినవాళ్లే దిద్దుబాటు స్టేట్‌మెంటు వేయాలి. దానికి గడువు 2026 మార్చి దాకా ఆరేళ్లు ఉండేది, ఇప్పుడు అసలు స్టేట్‌మెంటు వేయాల్సిన ఏడాది ముగిసిన రెండేళ్లే. ఫోనులో చెప్పి ఊరుకోకుండా బిల్లు నంబరు, తేదీ, కోసిన మొత్తం, మీ పాన్ రాసి మెయిల్ పెట్టండి. 16ఏ ఇవ్వకపోతే రోజుకు రూ. 500 చొప్పున జరిమానా పడొచ్చని, స్టేట్‌మెంటు ఆలస్యమైతే రోజుకు 200 ఫీజు ఉందని మర్యాదగానే గుర్తుచేయండి. ఆ అంకెలు చూశాక అకౌంటెంట్లకు కదలిక వస్తుంది.

ఇంతలో గడువు దగ్గరపడితే ఏం చేయాలి? రెండు దారులు. కనిపించినంతే అడిగి, తక్కువ పడినదాన్ని చేతి నుంచి కట్టి, తర్వాత సవరించుకోవడం ఒకటి. కోసిందంతా అడిగేయడం ఇంకొకటి. ఆడిటర్లు ఎక్కువగా మొదటిదే చెబుతారు, ఎందుకంటే నోటీసు రాదు, వాళ్లకు టెన్షన్ ఉండదు. నా మాట ఏమిటంటే, చేతిలో ట్రేసెస్ నుంచి దిగిన, సర్టిఫికెట్ నంబరున్న 16ఏ ఉండి, ఆ ఆదాయమంతా రిటర్నులో చూపి ఉంటే పూర్తి జమ అడగండి. రిటర్నులు పరిశీలించే బెంగళూరు కేంద్రం (సీపీసీ) ప్రాసెస్ చేసేటప్పుడు సరిపోలక తగ్గిస్తే డిమాండు రావొచ్చు. పోర్టల్‌లో ‘ఒప్పుకోను’ అని జవాబిచ్చి, అవతలివాళ్లు సరిచేశాక సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ పెట్టాలి. దానికి ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాలుగేళ్ల దాకా సమయం ఉంది. అడిగిన జమ కోసం పోరాడటం, అడగనిదాన్ని తర్వాత కలపడం కంటే తేలిక. లెటర్‌హెడ్ మీద టైపు చేసిన కాగితమో బిల్లో మాత్రమే ఉంటే ఎఫ్ ఉన్నంతవరకే అడగండి. మిగతాది వచ్చాక డిసెంబరు 31 లోగా రివైజ్డ్ రిటర్ను వేయండి.

కోసి, అసలు ప్రభుత్వానికే కట్టని కాంట్రాక్టు కంపెనీల సంగతి వేరు. మీ దగ్గర కోసిన పన్నును మళ్లీ మీ దగ్గరే వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతుంది. ఇలాంటి డిమాండ్ల మీద బలవంతపు వసూళ్లు వద్దని ఆదాయపు పన్ను శాఖను నడిపే కేంద్ర బోర్డు (సీబీడీటీ) 2015లో, మళ్లీ 2016లో అధికారులకు చెప్పింది. ఇక్కడొక మెలిక ఉంది. 205 మిమ్మల్ని వసూలు నుంచి కాపాడుతుంది, రిఫండ్ మాత్రం దానంతట తెచ్చిపెట్టదు. పన్ను కట్టాల్సి ఉండి జమ కనిపించనివాళ్లకు ఆ సెక్షన్ బలమైన కవచం. పన్ను సున్నా ఉండి డబ్బు తిరిగి రావాల్సినవాళ్లు కోసినవారి వెంట పడాల్సిందే. అందుకే చిన్న సబ్ కాంట్రాక్టర్లకు చెప్పేది: ప్రతి మూడు నెలలకోసారి, అంటే ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి నెలల రెండో సగంలో 26ఏఎస్ చూసుకోండి. బిల్లు బాకీ ఇంకా వాళ్ల దగ్గర ఉన్నప్పుడు అడిగితే పని జరుగుతుంది, పని అయిపోయి వాళ్ల సైటు ఆఫీసు ఎత్తేశాక ఎవరిని అడుగుతారు?

ఎవరితో వేయించుకోవాలి

పెన్షన్, వడ్డీ మాత్రమే ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోవచ్చు, పోర్టల్ చాలావరకు అంకెలు నింపే ఇస్తుంది. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్లను కూర్చోబెట్టుకోండి. బ్యాంకు ఖాతా ముందే వ్యాలిడేట్ చేయడం, రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయడం మర్చిపోతే మాత్రం మిగతా శ్రమంతా వృథా. కౌలు వాటాలు, లారీలు, ఏడాది దాటిన జమలు ఉన్నవాళ్లు ఆడిటరు దగ్గరికే పోవాలి. బీమా ఏజెంట్లు నెట్ సెంటరులో ఐటీఆర్-1, ఐటీఆర్-4 వేయించుకోవడం తరచూ చూస్తుంటాం. చిన్న వ్యాపారులు రాబడిలో కొంత శాతాన్నే లాభంగా చూపే 44ఏడీ కమీషన్ ఆదాయానికి వర్తించదు, వాళ్లకు ఐటీఆర్-3. కోత రేటు 2 శాతమే కాబట్టి 4,50,000 కమీషన్ మీద జమ 9,000 మాత్రమే, దానికోసం తప్పు ఫారం వేసి నోటీసు తెచ్చుకోవడమెందుకు?

రిఫండ్‌లో శాతం అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. రిఫండ్ పెరిగితే వాళ్ల ఫీజు పెరుగుతుంది కాబట్టి లేని తగ్గింపులు పెడతారు. 2025 జులైలో ఇలాంటి బోగస్ క్లెయిములు చేయించినవాళ్ల మీద ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా సోదాలు చేసింది. ఆదాయాన్ని తప్పుగా చూపితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా పడొచ్చు, అది పడేది మీ పాన్ మీద.

పాత ఏళ్ల కోతలు

రిటర్ను గడువు దాటితే డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను వేయొచ్చు. ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, పైనైతే 5,000 ఫీజు, కనీస పరిమితి లోపు ఆదాయమైతే ఫీజు లేదు. డిసెంబరు కూడా దాటిందనుకోండి, అప్‌డేటెడ్ రిటర్ను అంటూ కొందరు ఆశ పెడతారు. దాని గడువు నాలుగేళ్లకు పెంచిన మాట నిజమే, కానీ రిఫండ్ అడగడానికి గానీ పెంచుకోవడానికి గానీ అది పనికిరాదు.

మిగిలేది సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు. 2024 అక్టోబరు 1 నాటి సీబీడీటీ సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోగా పెట్టుకోవాలి, కోటి రూపాయల లోపు క్లెయిములను ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలో తేలుస్తారు. ఆసుపత్రిలో ఉండటం, ఇంటి పెద్ద చనిపోయి కాగితాలు దొరక్కపోవడం లాంటి నిజమైన కారణం, దానికి ఆధారం కావాలి. ‘తెలియలేదు’ అని రాస్తే సాధారణంగా పని జరగదు. మన్నించినా ఆ రిఫండ్ మీద ఆలస్యమైన కాలానికి వడ్డీ ఇవ్వరు. రెండు మూడు వేలకైతే వదిలేయమనే చెబుతాను. సోలార్ కౌలులో ఏటా 66,000 చొప్పున మూడేళ్లు కోయించుకుని రిటర్నే వేయని కుటుంబమైతే, ఈ వారంలోనే 26ఏఎస్‌లు దించుకుని జిల్లా కేంద్రంలో ఆడిటరును కలవాలి. ఐదేళ్ల లెక్క అందులో పాత ఏడాది నుంచే నడుస్తూ ఉంటుంది.